కళ్ళున్నా చూడవట

శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, దండం పెట్టుకోమంటే పాప చేతులు కట్టుకుని నిలబడింది. "నోరుంది కానీ మాట్లాడడు, కళ్ళున్నాయి కానీ చూడడు. మరెందుకమ్మా?" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పెరంబూరులో మా పై ఇంట్లో ఉండే తన స్నేహితురాలు తమిళంలో బైబిల్ వాక్యం అప్పజెబుతుంటే విని, నాకు తెలుగులో చెప్పింది.

"ఇక వాళ్ళింటికి వెళ్ళకు" అనేశాను. నాకు జ్వరమొస్తే మూడు రోజులు రసం చేసి పంపిన ఇల్లది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కూర్చుని చదివాను. ఆ మాట బైబిల్లోని 115వ కీర్తనలోది, క్రీస్తు కంటే ముందే యూదులు పాడుకున్నది. తర్వాత అగస్టీన్ అనే క్రైస్తవ గురువు రోమన్లను అడిగాడట: తలుపుకొక దేవుడు, గడపకొకడు, కీలుకొక దేవతా? కాపలాకు మనిషైతే ఒక్కడు చాలడా? వారం వారం గడపకు పసుపు రాసేదాన్ని, నాకది సూటిగా తగిలింది.

1706లో తమిళ తీరాన ఉన్న తరంగంబాడికి వచ్చిన జర్మన్ పాదిరి జీగెన్‌బాల్గ్ కూడా మన దేవుళ్ళు అబద్ధమనే చెప్పాడు. అయితే ముందు బడిపిల్లల పక్కన కూర్చుని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దాడు. శివుడు, విష్ణువులతో ఆగకుండా మారియమ్మ, ఎల్లమ్మల పూజ దాకా అడిగి తెలుసుకుని, 1713లో పుస్తకం రాసి జర్మనీలోని హాలెకు పంపాడు. అక్కడి పెద్దలు అచ్చు వెయ్యలేదు. మిమ్మల్ని పంపింది ఆ నమ్మకాలను పెకలించడానికి, వాటిని ఐరోపాలో ప్రచారం చెయ్యడానికి కాదన్నారు. చివరికి 1867లో మన మద్రాసులోనే అచ్చయింది.

శ్రీలంకలోని జాఫ్నాకు చెందిన శైవ పండితుడు ఆరుముగ నావలర్ బైబిల్ తమిళ అనువాదానికి సాయపడి, 1854లో అదే బైబిల్లోని ధూపదీపాలను, బలులను చూపించి పాదిరీలకు జవాబు రాశాడు. పాపకు ఆయన మాటే చెబుదామనుకున్నాను. కానీ నా మనసు ఆ పాదిరి రాసిన ఎల్లమ్మ దగ్గరే ఆగిపోయింది.

నెల్లూరు పక్కన మా ఊళ్ళో పోలేరమ్మ జాతరకు అమ్మ ఏటా రమ్మంటుంది. రెండేళ్ళ కిందట, పాప వింటుండగానే, "రాయికి మొక్కడానికి సెలవు పెట్టుకుని రావాలా?" అన్నాను. వేట కొట్టడం నాకిప్పటికీ ఇష్టం లేదు. కానీ అమ్మ ఏం మొక్కుకుంటుందో ఒక్కసారైనా అడగలేదు. ఆ మాట పిల్ల మొదట విన్నది పై ఇంట్లో కాదు, నా దగ్గరే.

ఇలాంటి ప్రశ్న వస్తే కోప్పడకండి అని సాటి తల్లులకు చెబుదామనుకున్నాను. కోపం తగ్గాక ఏం చెప్పాలో మాత్రం నాకూ తెలియడం లేదు.

పొద్దున పాపతో రసం గిన్నెలో పులిహోర పెట్టి పైకి పంపాను. తిరిగొచ్చి అడిగింది:

"పోలేరమ్మకు కళ్ళుంటాయా?"

"రాయికి పసుపు పూసి వెండి కళ్ళు అతికిస్తారు."

"చూస్తాయా?"

"అమ్మమ్మ చూస్తాయనే అంటుంది."

"మనం వెళ్దామా?"

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. వానల గురించి, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాను. జాతర ఎప్పుడని అడగడానికి నోరు రాలేదు.