ముక్కు పట్టుకుని దుంకురా!

బాయి గడ్డ మీద నిలబడి తాత అరుస్తున్నడు. నడుముకు సొరకాయ బుర్ర కట్టుకున్న పోరడు వింటెనా! నల్లగొండ ఎండకు నీళ్లు అడుగంటినయ్, పైన పచ్చటి పాచి, చెయ్యి పెడితే గోరువెచ్చగ.

ముక్కుల నీళ్లు పోతే మంట పుడతదని తాత చెప్పిండు గానీ, మెదడు తినే అమీబా అనే సూక్ష్మజీవి నెగ్లేరియాకూ ముక్కు పట్టుకునుడే అడ్డం. నీళ్లు తాగితే ఏం కాదు. దుంకినప్పుడు ముక్కులోకి జోరుగ ఎక్కితేనే వాసన నరం వెంట మెదడుకు పోతది. 46 డిగ్రీల వేడినీ తట్టుకుంటది. అడుగు బురదల ఉంటది కాబట్టి కాళ్లతోటి కలియబెట్టొద్దు. ముక్కు క్లిప్పు ఉంటే ఇంకా మంచిది. స్విమ్మింగ్‌పూల్ల క్రిములను చంపే ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్లల్ల 1 నుంచి 3 పాళ్లు) ఉండాలె. ఎండకు ఎగిరిపోతది, మధ్యాహ్నం మళ్లా చూడాలె.

ఈ అమీబా జబ్బు చానా అరుదే. కానీ ఈత కొట్టిన 12 రోజుల లోపల తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవుడు కనబడితే ఎండదెబ్బ అనుకోకుండ్రి. డాక్టర్‌కు మొదలు చెప్పాల్సిన ముచ్చట ఈత గురించే. పరీక్షకు వెన్నులకెళ్లి తీసిన నీరు ఫ్రిజ్‌ల పెట్టకుండ వెంటనే మైక్రోస్కోప్ కింద చూడాలె. చల్లబడితే అమీబా కదలది, తెల్ల రక్తకణం లెక్కనే కనబడతది. 2024ల కేరళ కోజికోడ్‌ల ఈ జబ్బు వచ్చిన 14 ఏండ్ల పిలగాడు బతికింది తొందరగ పట్టుకున్నందుకే.

పోరడు ముక్కు పట్టుకునే దుంకిండు. తేలంగనే వదిలేసి, దోస్తు మొఖం మీద నీళ్లు చల్లుడు షురూ చేసిండు.