స్తంభం పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు

పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలోనే చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. మూడేళ్ల నుంచి అయిదున్నర దాకా వయసున్నవాళ్లు. సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సగం మంది ఒడియా. ఆట మొదలైతే రెండూ కలిసిపోతాయి.

నాలుగున్నరేళ్ల బాబు ఒకడు మాత్రం అందరూ ఆడుతుంటే స్తంభం పట్టుకుని నిలబడేవాడు. సిగ్గు అనుకున్నాను. "రా నాన్నా, నువ్వూ ఆడు" అని చెయ్యి పట్టి లాగేదాన్ని. అలా లాగిన రోజు పక్కవాళ్లు కట్టుకున్న బొమ్మరిల్లు కూలిపోయేది. సగం సార్లు అడుగు తడబడి, సగం సార్లు కోపంతో. అందరికీ వచ్చేది తనకు రాకపోతే కోపం రాదా మరి?

ఒకరోజు ఇళ్లకు వెళ్లే వేళ వాడు చెప్పులు వేసుకోవడం చూశాను. పట్టీ సరిచేయడానికి వంగగానే ఒళ్లు పక్కకు ఒరిగింది. చెయ్యి గోడను వెతుక్కుంది, చెప్పు జారిపోయింది. నాలుగోసారీ జారిపోయాక, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. వీణ్ణా నేను బద్ధకస్తుడని వాళ్లమ్మకు చెప్పింది! ఆ మాటకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

బరంపురంలో పిల్లల డాక్టరుకు చూపించారు. డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ కావచ్చన్నారు, అంటే ఒంటి కదలికలు వయసుకు తగ్గట్టు పొందిక కుదరకపోవడం. బడి వయసు పిల్లల్లో నూటికి అయిదారుగురిలో కనిపిస్తుందట. తెలివితేటల లోపం కాదు. చిన్న వయసులో ఎదుగుదల ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అయిదేళ్లు నిండకముందు సాధారణంగా నిర్ధారించరు. సాయం చేయడానికి మాత్రం అంతవరకు ఆగనవసరం లేదు.

పిల్లల ఆటను గమనించి 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు రకాలుగా విభజించారు. అందులో ఒకటి చూస్తూ ఉండటం. ఆ బిడ్డ ఆడేవాళ్లతో మాట్లాడతాడు, ప్రశ్నలు అడుగుతాడు, సలహాలిస్తాడు, కానీ ఆటలోకి దిగడు. అచ్చం మావాడే. తొక్కుడుబిళ్లలో ఎవరి కాలు గీత తాకిందో వాడికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

అందుకని లాగడం మానేసి పక్కన కూర్చుని అడిగాను: "నీకు ఎక్కడ కష్టంగా ఉంది?"

"గడి చిన్నది" అన్నాడు వెంటనే.

ఇన్నాళ్లూ నేను అడగలేదు, అంతే. గడులు రెండింతలు చేశాను. పెంకు బిళ్ల బదులు చింతగింజలు నింపిన చిన్న గుడ్డసంచి కుట్టాను, అది పడ్డచోటే ఉంటుంది. ఒంటికాలితోనైనా రెండు కాళ్లతోనైనా గెంతవచ్చని అందరికీ చెప్పాను. మిగతా పిల్లలు కొత్త ఆట దొరికిందని సంబరపడ్డారు. మొదటి వారం వాడు సంచి అందించేవాడు. తరువాత ఒక గడి, ఆపైన మూడు. ఒంటికాలి గెంతు ఇంకా రాలేదు. కొన్ని రోజులు మళ్లీ స్తంభం దగ్గరే ఉంటాడు, ఉండనిస్తాను.

మొన్నటి వానకు వాకిట్లో గీతలు చెరిగిపోయాయి. సుద్దతో మళ్లీ గీస్తుంటే వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"టీచరమ్మా, నాలుగోది ఇంకా పెద్దగా గీయండి."