శనివారం, సేనాధిపతి గుడి పక్కన

పొద్దున్నే మార్కెట్టుకు వెళ్లాను. లిస్బన్‌లో మేముండే పేట కాంపు ద ఓరీక్. మార్కెట్టుకు ఆనుకునే గుడి ఉంటుంది. కొత్తిమీర, టమాటాలు, ఆకుకూర కొన్నాక ఇంటికి పోబుద్ధి కాక, సంచీతోనే గుడిలోకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పూజ లేని వేళ. అల్మాదా నెగ్రెయిరోస్ అనే చిత్రకారుడు రూపొందించిన రంగుటద్దాల కిటికీల్లోంచి వెలుతురు పడుతోంది. 1951లో కట్టిన గుడి ఇది. ఈ ఊరి లెక్కలో నిన్న మొన్నటిదే. పేరు మాత్రం ఆరు వందల ఏళ్ల కిందటి మనిషిది. నూనో అల్వరెస్ పెరేరా. పోర్చుగల్ సర్వసేనాధిపతి, తరువాత కార్మెల్ మఠంలో సోదరుడు, ఇప్పుడు పునీతుడు. ఆయన అవశేషాలు ఉన్నది ఈ గుడిలోనే.

మా ఇంట్లో పునీతులంటే అంతోనివారు, చిన్న తెరేజమ్మ. సైనికుల్లో సెబస్తియాను వారు తెలుసు. కానీ ఆయన బాణాలు తిన్నవారు. నూనో బాణాలు వేయించినవాడు. ఈ తేడా నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

1360లో పుట్టాడు. తండ్రి పోర్చుగల్‌లో హాస్పిటలర్ అనే సైనిక సన్యాసుల సభకు పెద్ద. బ్రహ్మచర్య వ్రతం పట్టిన మనిషి కాబట్టి కొడుకుది అక్రమ సంతానం కింద లెక్క. తరువాత రాజు అనుమతితో సక్రమం చేయించారు. పదమూడేళ్లకు రాజాస్థానంలో కొలువు, పదహారేళ్లకు పెళ్లి. 1383లో రాజు ఫెర్నాందు పోయాడు. ఒక్కతే కూతురు, ఆమె పొరుగు రాజ్యం కాస్తీల్ (ఇప్పటి స్పెయిన్‌లో భాగం) రాజు భార్య. అంటే దేశం అల్లుడి చేతికి పోయేలా ఉంది. దాన్ని ఒప్పుకోని వాళ్లు చనిపోయిన రాజుకు సవతి తమ్ముడైన జువావును నిలబెట్టారు. నూనో ఆయన పక్షాన చేరాడు. 1384 ఏప్రిల్‌లో అతోలెయిరోస్ దగ్గర గుర్రపు దండును కాలిబలంతో ఓడించేనాటికి అతనికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడు సేనాధిపతి పదవి ఇచ్చారు.

ఆ తరువాత అల్జుబరోటా యుద్ధం. 1385 ఆగస్టు 14, మరియమాత మోక్షారోపణ పండుగ ముందు రోజు. ఎదుటి సేన తమకు ఎన్నో రెట్లు. యోధులను గుర్రాలు దింపి నేల మీద నిలబెట్టాడు, ముందు కందకాలు, గుంటలు తవ్వించాడు. తరువాతి తవ్వకాల్లో ఆ గుంటలు వందల్లో బయటపడ్డాయి. అసలు పోరు గంటలోపే ముగిసిందంటారు. నాకు గెలుపు కన్నా ఇంకొక సంగతి ఎక్కువ పట్టుకుంది. అవతలి సేనలో నూనో అన్నదమ్ములు ఉన్నారు. పెద్రు, దియోగు ఇద్దరూ కాస్తీల్ రాజు వైపు నిలిచి ఆ రోజే చనిపోయారు. పల్నాటి వీరగాథలు విని పెరిగిన మనకు దాయాదుల పోరు కొత్త కాదు. అయినా ఒక్క తండ్రి బిడ్డలు ఎదురెదురుగా నిలబడిన ఆ మైదానాన్ని ఊహించుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. తెల్లవారి పండుగ పూజలో ఏమని ప్రార్థించి ఉంటాడు?

అదే చోట నూనో తరువాత జార్జి వారి పేరున చిన్న గుడి కట్టించాడు. ఆ గుడి దగ్గర దారిన పోయేవాళ్ల కోసం ఒక కుండ నిండా నీళ్లు పెట్టడం ఆనవాయితీ. యుద్ధం రోజు ఎండలో నూనో పడిన దాహానికి గుర్తుగా అని చెబుతారు. దాహమైన వాళ్లలో అవతలివాళ్లూ ఉన్నారు కదా. ఆ కుండ ఏ పక్షంవాడని అడగదు.

మధ్యాహ్నం వంట అయ్యాక 28 నంబరు ట్రాము ఎక్కి పాత ఊరికి వెళ్లి, కార్మో దాకా నడిచాను. యుద్ధంలో చేసుకున్న మొక్కు తీర్చడానికి నూనో కట్టించిన మఠం ఇది. పని 1389లో మొదలైంది. వాలు నేల మీద పునాదులు నిలవక మళ్లీ మళ్లీ వేయించాడట. 1755 నవంబర్ 1న, సకల పునీతుల పండుగ ఉదయం, భూకంపానికి పైకప్పు కూలింది. ఆయన సమాధి కూడా ఆ రోజే పోయింది. కప్పును మళ్లీ వేయలేదు. రాతి కమానులు మిగిలాయి, వాటి మధ్య నుంచి ఆకాశం. లోపలి మ్యూజియంలో ఫెర్నాందు రాజు రాతి సమాధి ఉంది. 19వ శతాబ్దంలో వేరే ఊరి నుంచి తెచ్చి పెట్టారు. ఎవరి చావుతో ఇంత యుద్ధం మొదలైందో ఆ రాజు నూనో కట్టించిన గోడల మధ్య ఉన్నాడు. ఎప్పుడు వెళ్లినా ఆ రాయి దగ్గర ఎక్కువసేపు నిలబడతాను.

దేశంలో రాజు తరువాత అంతటి ఆస్తిపరుడు లేడనిపించుకున్న మనిషి నూనో. భార్య పోయింది, ఒక్కగానొక్క కూతురు బియాత్రిస్ కూడా కన్నుమూసింది. ఆమె సంతతే బ్రగాంజా వంశం, తరువాత పోర్చుగల్‌ను ఏలింది. 1423లో భూములు, బిరుదులు మనవలకు, తనతో యుద్ధం చేసిన సైనికులకు పంచేసి, తాను కట్టించిన మఠంలోనే చేరాడు. గురువుగా కాదు, పెద్దగా కాదు, మామూలు సోదరుడిగా. వాకిలి దగ్గర పేదలకు అన్నం పెట్టడం, భిక్షకు వెళ్లడం ఆయన పనులు. ఎనిమిదేళ్లు అలా బతికి 1431లో చనిపోయాడు. ఫ్రాన్స్ సేనను నడిపిన పునీతురాలు జోన్ ఆఫ్ ఆర్క్‌ను సజీవంగా కాల్చింది కూడా ఆ ఏడాదే.

ఒక కథ చెబుతారు. కాస్తీల్ రాయబారి మఠానికి వచ్చి, ఈ అంగీ మళ్లీ విప్పుతారా అని అడిగితే, మీ రాజు దండెత్తితే విప్పుతానని అంగీ కింద కవచం చూపించాడట. నాకు ఆ కథ నచ్చదు. ఆ కవచం తీసేసినందుకే ఆయన నాకు దగ్గరయ్యాడు. పేదలకు వండిన పెద్ద కాగు కథ అయితే ఎన్నిసార్లయినా వింటాను. యుద్ధం చేసినందుకు పునీతుడయ్యాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలాగని ఆ యుద్ధాన్ని పక్కన పెట్టి చూడలేను. అన్నం పెట్టిన చేతులు, కత్తి పట్టిన చేతులు ఒక మనిషివే. అది మరిచిపోతే ఆ ఎనిమిదేళ్ల బరువు తెలియదు.

రాత్రి గుంటూరు నుంచి అమ్మ ఫోను చేసింది. వచ్చే వారం ఆమెకు కంటి శుక్లాల ఆపరేషన్. భయంగా ఉందని చెప్పదు గానీ గొంతులో తెలుస్తుంది. మాట మార్చడానికి ఈ రోజు ఎక్కడికి వెళ్లానో చెప్పాను.

"అంతమందిని చంపించినవాడిని పునీతుణ్ణి ఎలా చేశారు తల్లీ?" అంది.

1918లో ధన్యుడిగా ప్రకటించారని, పునీత పట్టం 2009 ఏప్రిల్ 26న పదహారవ బెనడిక్ట్ పోపుగారు ఇచ్చారని చెప్పాను. దానికి ఆధారంగా తీసుకున్న అద్భుతం సంగతి కూడా చెప్పాను. లిస్బన్ దగ్గర విలా ఫ్రాంకా ద షీరాలో ఒకామె చేపలు వేయిస్తుంటే కాగిన నూనె చింది కన్ను దెబ్బతింది. నూనో వారిని వేడుకుంది, చూపు తిరిగి వచ్చింది.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "కన్నా? అయితే ఆయన గుడి మీ ఇంటి పక్కనే అన్నావుగా, నా పేరున ఒక పూజ పెట్టించు" అంది.

రేపు ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌ను అడగాలి. ఆపరేషన్ గురువారం పొద్దున పది గంటలకు, ఇక్కడి లెక్కన తెల్లవారుజామున. బుధవారం సాయంత్రం పూజకు చెప్పించడం మంచిది.