నా పిక్కలు అందానికి కాదు సార్

జడ్చర్లల నాది సెలూన్. పొద్దున షట్టర్ లేపితే రాత్రి దించేదాకా నిలబడుడే. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బినయి, వెరికోస్ వీన్స్ అంటరు వీటిని. చీలమండ పైన తోలు నల్లబడ్డది, దురద, ఆఖరికి ఓ పుండు లేసి మానలేదు. మహబూబ్‌నగర్‌ల, నరాలల్ల రక్తం ఎటు పోతుందో చూసే డాప్లర్ స్కాన్ నిలబెట్టి తీసిండ్రు. పైకి పోవాల్సిన రక్తం కిందికి జారకుండ ఆపే కవాటాలు చెడిపోయినయని, లేజర్ చేయించుకొమ్మని రాసిచ్చిండ్రు. హైదరాబాద్‌ల ఆస్పత్రి చూసుకునుడు, రక్తపరీక్షలు అన్నీ తేలిగ్గనే అయినయి.

ఇన్సూరెన్స్ కాడ పడ్డది అసలు దెబ్బ. కంపెనీ పేరు రాయను గని, ఏండ్ల సంది ఒక్క ప్రీమియం తప్పలే. క్యాష్‌లెస్‌కు, అంటే బిల్లు కంపెనీయే ఆస్పత్రికి కట్టేటట్టు, కాగితాలు పంపిస్తే తిరుగు జవాబు: ‘ఇది కాస్మెటిక్ చికిత్సలాగ ఉన్నది, కాలు ఫొటోలు పంపాలి.’ డాప్లర్ రిపోర్టు, డాక్టర్ చీటీ, పుండు సంగతి అన్నీ కాగితాల్లనే ఉన్నయి. చదివితే గద! పొద్దంతా మంది మొఖాలు అందంగ చేసేటోణ్ని, నా పిక్కలకు అందమెందుకు?

బిల్లింగ్ కౌంటర్ల పిల్ల ‘అన్నా, ఇక్కడ వెలుగు మంచిగుంది’ అని అందరి ముందటనే కుర్చీ మీద కాలు పెట్టించి, ప్యాంటు మోకాలి దాకా మడిపించి ఫొటో కొట్టింది. లైన్ల నిలబడ్డ ముసలాయన ‘పాము గరిచిందా బిడ్డా?’ అన్నడు. సరే, పంపినం. మళ్ల క్వెరీ. ఆ కాలు ఎవరిదో తెలుస్తలేదట, మొఖం గూడ కనపడాలెనట! ఇగ నేల మీద కూసొని, కాలు చెవి దాకా లేపి ఫోన్ దిక్కు చూసిన. మా ఇంటామె నవ్వాపుకోలేక కొంగు నోట్ల కుక్కుకున్నది.

మా అల్లుడు ఫోన్ల తీసి చూపెట్టిండు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు తేల్చాలె, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్ల ఇయ్యాలె. అదే కస్టమర్ కేర్‌కు చదివి వినిపించి, ఫిర్యాదు నంబర్ ఇయ్యమన్న. పొద్దుమూకినంక అప్రూవల్ వచ్చింది. గొంతు లేపనోడు ఇంటికి పోయి అప్పు చేస్తడు, గంతే.

లేజర్ గురించి చెప్పేటందుకు పెద్దగ ఏమీ లేదు. మోకాలి కాడ సూది గుచ్చి, స్కాన్‌ల చూస్కుంట సన్నటి ఫైబర్ గజ్జల దాకా ఎక్కిచ్చిండ్రు. నరం చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఇస్తరు, ఆ సూదులే కొంచెం సురుక్కుమంటయి. వేడికి నరం మూసుకపోతది, రక్తం మంచి నరాల దారి పడతది. అదే రోజు నడిచిన.

పాలసీ ఉన్నోళ్లు, తీసుకున్నంక వెరికోస్ వీన్స్‌కు పైసలు రావాలంటే ఎన్నేండ్లు ఆగాలెనో ముందే చూసుకోండ్రి, చాలా వాటిల్ల రెండేండ్లు ఉంటది. పుండు, నల్లబడ్డ తోలు సంగతి డాక్టర్‌తోని విడమరిచి రాయించుకోండ్రి. ఫొటోలు ఇంట్లనే, మొఖంతోని దిగి పోండ్రి. లేజర్ అయినంక వేసుకునే, కాలును బిగబట్టే మేజోళ్లు, అదే స్టాకింగ్స్, మంచం దిగకముందే తొడగాలె, కాలు వాచినంక ఎక్కయి. పాలమూరు ఎండల అవి తొడుక్కొని నిలబడుడు నరకమే. వాటికి కంపెనీ పైస ఇయ్యలే.

ఇప్పుడు చక్రాల స్టూల్ తెచ్చుకున్న, గడ్డాలు కూసొనే గీస్తున్న. పాత గిరాకీలు నవ్వుతరు, నవ్వనీ.