చెంగ్డూలో హాట్‌పాట్: ముక్కల సంగతి కాదు, కొవ్వు సంగతి అడగండి

చైనా టూర్ నుంచి నిన్ననే వైజాగ్ వచ్చాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. వీసా, సింగపూర్ మీదుగా ప్రయాణం, హోటళ్లు అన్నీ సాఫీగా జరిగిపోయాయి. కష్టమంతా సిచువాన్ రాష్ట్రంలోని చెంగ్డూలో హాట్‌పాట్ దగ్గరే. హాట్‌పాట్ అంటే టేబుల్ మీదే మరిగే పులుసులో పచ్చి ముక్కలు వేసి, ఉడికించుకుంటూ తినే భోజనం.

మేం చేపలు, రొయ్యలు, కోడి తింటాం. గొడ్డు మాంసం మాత్రం ముట్టం. మా అత్తయ్యకైతే ఆ వాసన తగిలినా పడదు. అందుకే ద్వారకానగర్‌లో టూర్ బుక్ చేసిన రోజే ఏజెంట్‌కి మరీ మరీ చెప్పాం. "అంతా మేం చూసుకుంటాం మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు.

రెస్టారెంట్‌లో టేబుల్ మధ్య పొయ్యి మీద ఎర్రటి పులుసు సలసలా మరుగుతోంది. పక్కన పచ్చి రొయ్యలు, తామర దుంప చక్రాలు, పుట్టగొడుగులు, టోఫు. వడ్డించే అమ్మాయి పులుసు కలుపుతుంటే ఒక చుక్క ఎగిరి నా ఖాళీ ప్లేటు అంచున పడింది. కాసేపటికి చూస్తే అది పేరిన నెయ్యిలా గట్టిపడి ఉంది. గోటితో గీరితే పొరలా లేచింది. ఇన్నేళ్లుగా వంట చేస్తున్నాను, నేను వాడే వంటనూనె అలా గడ్డకట్టదు. అది జంతువు కొవ్వే.

మా టూర్ మేనేజర్‌ని పిలిచాను. తెలుగువాడే. "బీఫ్ ముక్క ఒక్కటి కూడా లేదు మేడమ్, చూసుకోండి" అని ప్లేట్లు చూపించాడు. ముక్కలు కాదు బాబూ, పులుసులో ఏ కొవ్వు వేశారో కనుక్కో అన్నాను. ఆ అమ్మాయిని మళ్లీ మాంసం గురించే అడిగి, "లేదంటోంది" అన్నాడు. పైగా అందరికీ వినబడేలా "మేడమ్‌కి డౌట్లు ఎక్కువ, మీవల్ల అందరికీ లేటవుతోంది" అన్నాడు. మా గ్రూపువాళ్లే, ఎంవీపీ కాలనీలో రోజూ ఎదురుపడేవాళ్లే, ఒకరిద్దరు నవ్వారు. పొద్దుటి నుంచి సరిగ్గా తినని అత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, "పోనీలేమ్మా, నాకు ఆకలిగా లేదు" అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అయినా వదల్లేదు. ఆ ప్లేటు పట్టుకుని వంటగది గుమ్మం దాకా వెళ్లాను. అక్కడున్న పెద్దావిడకి గడ్డకట్టిన చుక్క చూపించి, ఫోన్‌లో ఆవు ఫోటో చూపించాను. ఆవిడకి ఇట్టే అర్థమైంది. లోపలి నుంచి ఎర్రటి మసాలా దిమ్మ కవరుతో సహా తెచ్చింది. కవరు మీద ఎద్దు తల బొమ్మ! ఎర్ర పులుసుకి ఈ గొడ్డు కొవ్వే వాడటం పక్కనున్న చోంగ్‌చింగ్ నగరంలో పాత పద్ధతి, చెంగ్డూలోనూ చాలా చోట్ల అదే వాడతారు. నవ్వినవాళ్లు కూడా చాప్‌స్టిక్స్ కింద పెట్టేశారు.

మొక్కల నూనెతో చేసే ఎర్ర పులుసు కూడా ఉంటుంది, "ఛింగ్ యో" అని అడగాలి. పుట్టగొడుగుల పులుసు, టమాటా పులుసు కూడా దొరుకుతాయి. అయితే వాటిని కోడి రసంతోనో ఎముకల రసంతోనో కాచే చోట్లు చాలా ఉన్నాయి, శాకాహారులు అది కూడా తేల్చుకోవాలి. రెండు అరల గిన్నెలో ఒక పక్క కొవ్వు, ఒక పక్క నూనె పోయించుకుంటే లాభం లేదు. గరిటె అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ఆ పెద్దావిడ వేరే గిన్నె పెట్టించింది, ఒక అరలో నూనె పులుసు, ఇంకో అరలో పుట్టగొడుగులది. అప్పుడు తిన్నాం, కడుపు నిండా! ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు ఏరుకునేవాళ్లం, ఉడికిందో లేదో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా చెప్తున్నాను: పచ్చివి ఒకేసారి కుమ్మరిస్తే పులుసు చల్లబడిపోతుంది. మళ్లీ తెర్లాకే ఉడికే టైం లెక్కపెట్టడం మొదలుపెట్టండి. కోడి ముక్క లోపల గులాబీ రంగు కనిపిస్తే తిరిగి వేసేయండి. సన్నటి పుట్టగొడుగులైనా బాగా ఉడకాలి. పచ్చివాటికి ఒక పటకారు, తినడానికి వేరే చాప్‌స్టిక్స్. పిల్లలకి ఇది ముందే చెప్పి కూర్చోబెట్టండి.

ఎర్ర పులుసులో వేసే సిచువాన్ మిరియాల్లో శాన్షూల్ అనే పదార్థం ఉంటుంది, దానివల్ల నాలుక తిమ్మిరెక్కుతుంది. అప్పుడు నోరు కాలుతున్నా సరిగ్గా తెలీదు. అక్కడివాళ్లు ముక్కని నువ్వుల నూనె, వెల్లుల్లి కలిపిన గిన్నెలో ముంచి తింటారు. రుచికి రుచి, కాస్త చల్లారుతుంది కూడా. అత్తయ్యకి తామర దుంప ఎంత నచ్చిందో, ఇంకో ప్లేటు తెప్పించుకుంది.

ఏజెంట్ మాత్రం ఇప్పటికీ ఒక్క సారీ కూడా చెప్పలేదు. ఆ కవరు ఫోటో వాట్సాప్‌లో పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సోమవారం మా ఆయన్ని తీసుకుని ఆఫీసుకే వెళ్తున్నాను.