డ్యూటీ చార్టులో లేని గంటలు

నేను నల్లగొండలో ఆర్టీసీ కండక్టర్ని. ఫస్ట్ సర్వీస్ పడితే తెల్లవారకముందే ఇంట్లోంచి బయలుదేరాలి. మధ్యాహ్నం డ్యూటీ అయితే రాత్రి క్యాష్ కట్టి ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక రద్దీ బాగా పెరిగింది. ఎక్కిన ప్రతి మహిళకూ జీరో టికెట్ కొట్టాలి కదా, దేవరకొండ ట్రిప్పులో కొండమల్లేపల్లి వచ్చేదాకా తలెత్తే తీరిక ఉండదు. అయినా మా ఆడవాళ్లు చార్జీలకు భయపడకుండా ఆస్పత్రికీ, కాలేజీకీ వెళ్తుంటే నాకు సంతోషంగానే ఉంటుంది.

ఇంట్లో మంచం పట్టిన అత్తమ్మ, టెన్త్ చదివే పాప. చర్చిలో స్త్రీల సమాజం సెక్రటరీ బాధ్యత కూడా నాదే. ప్రార్థనకు సమయమే దొరకట్లేదని ఒకసారి పాస్టరమ్మగారి దగ్గర ఏడ్చాను. ఆమె ఓదార్చి, బైబిల్లోని 90వ కీర్తన నిదానంగా చదవమన్నారు. అది మోషే ప్రార్థన. మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై అని ఒప్పుకుని, మా దినాలు లెక్కపెట్టుకోవడం నేర్పించమని దేవుణ్ని అడుగుతాడు. ముందు నా గంటలెక్కడికి పోతున్నాయో చూద్దామని ఒక చిన్న నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నాను.

కొన్ని వారాలు రాశాక విషయం తెలిసింది. డ్యూటీ తినేది తింటోంది, అది నా చేతిలో లేదు. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం ఫోన్‌లో పోతోంది, అదీ సమాజం పని మీదే. ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, ఎవరింట్లో ప్రార్థన కూడిక, చందా ఎవరివ్వలేదు, అన్నీ నాకే చెప్తారు. అన్నీ నేనే తిరిగి నలుగురికీ చెప్పాలి.

నిర్గమకాండం 18వ అధ్యాయం నాకు బాగా పనికొచ్చింది అక్కడే. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం తగాదాలు తీరుస్తుంటే, మామ యిత్రో వచ్చి చూసి, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అంటాడు. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టించి, పెద్ద తగాదాలు మాత్రమే మోషే దగ్గరికి రానిమ్మంటాడు. జనమూ నలిగిపోతారన్న మాట నన్ను ఆపేసింది. నా ఒక్కదాని కోసం ఎదురుచూస్తూ అందరి పనీ ఆగుతోంది మరి.

మా సమాజాన్ని వాడలవారీగా విడదీసి, ఒక్కో వాడకు ఒక అక్కను అడిగాం. రోగుల్ని చూడడం, కూడికలకు పిలవడం వాళ్లే చూసుకుంటారు. చందా లెక్కలు డిగ్రీ చదివిన ఒక చెల్లెకు అప్పగించాం. మొదట్లో కొంతమంది నొచ్చుకున్నారు, సెక్రటరమ్మ మా ఇంటికి రావట్లేదని. రాను రాను అలవాటైంది. ఎప్పుడూ వెనక కూర్చునే ఒకామె ఇప్పుడు ఎంత చక్కగా ప్రార్థన చేస్తుందో!

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బస్టాండులో దొరికే సమయం వాక్యానికి పెట్టుకున్నాను. బైబిల్లో 1,189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతాయి. 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, దాన్ని ముక్కలుగా చదువుకోక తప్పదు. ఒక రోజు చదువుతుంటే పక్క బెంచీ మీద ఒక పెద్దమ్మ, కొడుకు తాగుడు గురించి చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం మూసేశాను. యాయీరు అనే ఆయన కూతురు చావుబతుకుల్లో ఉందని తెలిసి వాళ్లింటికి వెళ్తూ కూడా, దారిలో తన వస్త్రం ముట్టిన స్త్రీ కోసం యేసు ఆగాడు కదా. ఆ రోజు అధ్యాయాలు మిగిలిపోయాయి, పోనీ.

కష్టమైంది వీక్లీ ఆఫ్. అది ఆదివారమే పడాలని లేదు. ఆదివారం డ్యూటీ ఉన్నప్పుడు తోటి కండక్టర్‌తో మార్చుకుంటాను, కుదరకపోతే ఆ వారం సాయంకాలపు కూడికకు వెళ్తాను. ఆఫ్ రోజున వారం పనులన్నీ నెత్తిన వేసుకోవడం మానేశాను. విశ్రాంతి దినం మనుషుల కోసమే అని ప్రభువే అన్నాడు. బట్టలు నేనూ మా ఆయనా ముందు రోజు రాత్రే ఉతికేస్తున్నాం. ఆఫ్ రోజు అత్తమ్మకు తల దువ్వి, పక్కన కూర్చుంటే పెళ్లి కాకముందు నాట్లకు పోయిన రోజుల సంగతులు ఎన్నో చెప్తుంది.

వచ్చే ఎన్నికల్లో సెక్రటరీగా మళ్లీ నిలబడనని, మా వాడ పని మాత్రం చూసుకుంటానని సమాజంలో చెప్పేశాను. మార్చిలో పాపకు పరీక్షలు. ఆ నెలంతా ఫస్ట్ సర్వీసులే వేయమని డిపోలో అడిగాను. సాయంత్రాలు నేను పక్కన కూర్చుంటే దానికి లెక్కల టెన్షన్ తగ్గుతుందట.