తొమ్మిదిన్నరా, ఏడా?

హార్డ్ డిస్కు మందం గురించి షాపులో అడిగింది నేను. కుర్రాడు జవాబు చెప్పింది మా ఆయనకి. పొద్దుట్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే నిద్రైనా పడుతుందని కూర్చున్నా.

మా లాప్‌టాప్ ముసలిదైపోయింది. ఇన్నాళ్ళూ నత్తనడక ఒక్కటే అనుకున్నాం, ఇప్పుడు లోపల టిక్కుటిక్కుమని చప్పుడొకటి. డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము వేసి చూస్తే పసుపురంగులో 'కాషన్', అంటే జాగ్రత్త, అంది. పాడైన సెక్టార్ల (డిస్కులో డేటా దాచే చిన్న చిన్న గదుల) బదులు పక్కన దాచుకున్నవి వాడుకుంటూ ఈడ్చుకొస్తోందన్నమాట. ఇంక దాన్ని నమ్మడానికి లేదు. ఫోటోలన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, వెనక మూత విప్పి డ్రైవ్ బయటికి లాగాను.

రెండున్నర అంగుళాల సాటా (డ్రైవుని బోర్డుకి కలిపే కనెక్షన్ రకం), 500 జీబీ, 5400 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). ఇవన్నీ దాని నెత్తిమీదే రాసున్నాయి. రాయనిది మందం. చిన్నాడి జామెట్రీ బాక్సులో స్కేలు తీసి పెడితే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు తేలింది. ఈ డ్రైవులన్నిటికీ పొడవూ వెడల్పూ ఒకటే, తేడా అంతా మందంలోనే. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా ఏడు. ఏడుది తొమ్మిదిన్నర చోట్లో పడుతుంది, తొమ్మిదిన్నరది ఏడు చోట్లో పట్టదు.

అందుకే షాపులో నోరు తెరవగానే "మందం ఎంత?" అని అడిగాను. ఆ కుర్రాడు మా ఆయన వైపు తిరిగి "ఏ లాప్‌టాప్‌కైనా వస్తది సార్, ఒక టీబీ" అంటూ ఓ సెకండ్‌హ్యాండు డ్రైవు ఆయన చేతిలో పెట్టాడు. హార్డ్ డిస్కునీ ర్యామునీ కలిపి 'మెమరీ' అనే మనిషి మా ఆయన! అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ, బాగానే ఉంది" అన్నారు.

సంచీలోంచి నాది తీసి కౌంటరు మీద దాని పక్కనే పెట్టాను. గాజుపలక మీద రెండూ ఆనుకుని ఉంటే వాళ్ళది స్పష్టంగా ఎత్తు కనపడుతోంది. పన్నెండున్నర! 2009లో మొదటిసారి ఒక టీబీ లాప్‌టాప్ డ్రైవు వచ్చింది ఆ మందంలోనే, లోపల డేటా రాసే గుండ్రటి పళ్ళేలు మూడుండేవి. "ఇది మాకు పట్టదు బాబూ" అంటే, "మూత కొంచెం గట్టిగా నొక్కితే కూర్చుంటది సార్" అన్నాడు. మళ్ళీ సారే!

దారిలో ఈయన "వాడేదో అలవాటులో అన్నాడు, వదిలెయ్" అన్నారు. వాణ్ణి ఎప్పుడో వదిలేశా. తల ఊపినాయన్ని కదా అనేది.

నాన్నగారైతే పాతది చేతిలో లేకుండా కొత్తది కొననిచ్చేవారు కాదు. తెనాలిలో ఉండగా పంపు స్టవ్ గాలి పట్టకపోతే, అరిగిన తోలు వాషర్ని పేపరు ముక్కలో చుట్టి జేబులో వేసుకునేవారు, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవారు. శెట్టిగారి కొట్లో వాషర్లన్నీ తీగకి గుచ్చి మేకుకి వేలాడేసి ఉండేవి. ఆయన ఒకటి తీసి నా అరచేతిలో పాతదాని మీద పెట్టేవాడు, అంచులు కలిశాయో లేదో చూడమని. ఒక్క వెంట్రుకవాసి పెద్దదైనా గొట్టంలోకి దూరదు, చిన్నదైతే గాలిని లోపలికి తొయ్యదు. "ఏమ్మా, సరిపోయిందా?" అని నన్నే అడిగేవాడు. నేను ఊఁ అన్నాకే డబ్బులు తీసుకునేవాడు. ఇంటికొచ్చాక కొత్త వాషర్ని కొబ్బరినూనెలో నానబెట్టడం నా పని. ఆ రోజు వంటింటి నిండా కిరోసినూ కొబ్బరినూనే కలిసిన వాసన. అమ్మకి అస్సలు గిట్టేది కాదు, నాకు మాత్రం ఇప్పటికీ ఇష్టం.

సరే, ఎక్కడున్నాం? ఇంటినుంచి బయల్దేరినప్పుడు ఒక టీబీ హార్డ్ డిస్కే కొనాలని పట్టుదలగా ఉన్నా. అదే డబ్బుకి ఎస్ఎస్‌డీలో (తిరిగే పళ్ళేలు లేని, చిప్పుల డ్రైవులో) చోటు తక్కువొస్తుందని నా ఏడుపు. ఇప్పుడు ఇదంతా రాస్తుంటే అనిపిస్తోంది, ఆ టీబీ అంతా ఫోటోల కోసమేగా? అవి బయటి డిస్కులోకి వెళ్ళిపోయాయి, ఎలాగూ ఇంకో కాపీ ఇంకోచోట పెట్టాల్సిందే. ఇక మిగిలేవి విండోసూ, ఇంటి లెక్కలూ, చిన్నాడి క్లాసులూ. వాటికి 256 జీబీ చాలదా? పైగా దీని బోర్డు సాటా 2, అంటే సెకనుకి 3 గిగాబిట్లే. ఎస్ఎస్‌డీ పూర్తి వేగం రాకపోవచ్చు గానీ, తిరిగే డిస్కులు ఆ మూడు కూడా నింపలేవు, వాటికన్నా ఇదే నయం. ఎం.2 రకం (నేరుగా బోర్డులో గుచ్చే సన్నటి ఎస్ఎస్‌డీ) మాత్రం వద్దు, దానికి ఇందులో స్లాటే లేదు. రెండున్నర అంగుళాల సాటాయే.

అంటే ఏడు మిల్లీమీటర్లది. పైన రెండున్నర మిల్లీమీటర్లు ఖాళీ ఉంటుంది. అది నింపడానికి కొన్నిటితో పాటు ప్లాస్టిక్ ఫ్రేము ఇస్తారు. మా ట్రేకి మరలు పక్కల నుంచి బిగుస్తాయి, ఆ రంధ్రాలు అడుగు నుంచి లెక్క కాబట్టి ఫ్రేము లేకపోయినా కదలదనే అనుకుంటున్నా. టీబీ మీద ఆశ మాత్రం పూర్తిగా చావలేదు, పొద్దున్నకి మళ్ళీ మారినా మారతానేమో.

విప్పిన మరలన్నీ పోపుల డబ్బా మూతలో వేశాను. అత్తయ్య గారు లేచి పోపు పెట్టేలోపు తీసెయ్యాలి.